సారవ్వకు మిగిలిన మాట

దేవసహాయం ముప్పై నాలుగేళ్లు గోదావరిఖని బొగ్గుబాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చదివింది అయిదో తరగతే అయినా, ఒక్క మాట గురించి మాత్రం ఎవరినైనా కూచోబెట్టి గంటసేపు చెప్పగలడు. ఆ మాట ఆమేన్.

చర్చిలో ఒక ముసలి పాస్టరు చెప్పగా విన్నాడు. అది హెబ్రీయుల మాటట. ఎవరూ అనువదించకుండానే గ్రీకులోకి, లాటిన్‌లోకి, ఇంగ్లీషులోకి, మన తెలుగులోకి వచ్చేసింది. అర్థం ‘నిజం, అట్లే కానీ’ అని. ఆ మాట వేరులో ఉన్న అర్థం మాత్రం కదలకుండా నిలబడడం. వాళ్ల భాషలో గుడి తలుపుల పక్క స్తంభాన్ని పిలిచే మాటకు కూడా అదే వేరట.

“అంటే మన దుంగనే కదా అయ్యగారూ!” అని పొంగిపోయాడు పిచ్చి మనిషి. అప్పటి నుంచి ఇంట్లో ప్రార్థన తనది, ఆమేన్ భార్య సారవ్వది.

మొన్న ఆదివారం సారవ్వకు పక్షవాతం వచ్చింది. మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది.

“మెదడులో నెత్తురు గడ్డకట్టింది. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బల్ల మీదనే పోవచ్చు. తెలివిల ఉన్నది కదా తాతా, ఆమెనే అడుగు. పన్నెండు లోపల చెప్పాలె” అన్నాడు దవాఖానలో డాక్టరు.

“ఆపరేషన్ చేయించుకుంటవా సారా?”

“ఆమేన్.”

దేవసహాయానికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అనుమానం తొలిచింది. “వద్దా? ఇంటికి పోదామా?”

“ఆమేన్.”

తల ఊపమన్నాడు, చెయ్యి నొక్కమన్నాడు. ఆమె అతని ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

పక్క మంచం దగ్గరున్న వహీదా బీ ఓదార్చబోయింది. “మాకు గూడ గదే మాట కాకా, ఆమీన్ అంటం. అమానత్ అనే మాట దాని చుట్టమే. అంటే మన దగ్గర దాచమని ఒకరు ఇచ్చిన సొమ్ము. ఇచ్చినోడు అడిగితే అప్పజెప్పాలె గదా.”

దేవసహాయానికి ఒళ్లు మండింది. నలభై రెండేళ్లు కాపురం చేసిన మనిషి ఎవరో దాచమన్న వస్తువెట్లా అవుతుంది?

“నేనియ్య” అన్నాడు.

నర్సు కాగితం తెచ్చి నిలబడింది. పన్నెండు కావస్తోంది. అతను వంగి, ఏడుస్తూ అడిగాడు. “నన్ను ఇడిసిపెట్టి పోతవా ఏందే?”

సారవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు విడివడ్డాయి. “ఆ...”

గబుక్కున ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో ఆపరేషన్ కాగితం మీద సంతకం చేశాడు. అరచేతి కింద ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.