అద్దంకి బస్సులో అక్షింతల పురుగు

అద్దంకి వెళ్తుంటే నల్లచుక్కల ఎర్ర పురుగొకటి బస్సు కిటికీలోంచి వచ్చి మా పాప బుగ్గ మీద వాలింది. కుడుతుందేమోనని చేతిరుమాలుతో నలిపేయబోయాను. పక్కసీటు పెద్దావిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“ఆగమ్మాయ్! అక్షింతల పురుగది, బిడ్డనేం చెయ్యదు. మిరపచేలో ఆకుల రసం పీల్చే పేనుబంకని తినేది ఇదే. మందులు కొట్టటం తగ్గించాక మా చేలోకి మళ్లీ వచ్చినయ్.”

ఆమె వేలు ఆనించగానే పురుగు దాని మీదికి పాకింది. “మా చేలో దింపుతా, కూలి కూడా అడగదు” అంటూ టిఫిన్ డబ్బా తీసింది. పాప చెయ్యి చాపి ఏడుపందుకుంది. ఆమె నావైపు చూసింది. సరేనని తలూపాను. ఆమె తన వేలు పాప చేతికి ఆనించింది.

పాప అరచేతిలో కాస్త నడిచి, పురుగు కిటికీలోంచి ఎగిరిపోయింది. పాప కిలకిలా నవ్వింది.

“నా కూలిమనిషిని పంపించేశావేమే!” అందామె.

నిన్న మా గులాబీ మొక్క మీద అలాంటి పురుగే కనిపించింది. పాపను నేనే పిలిచాను.