తొక్కు తాత

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అన్న మాట కూడా నాకు ఎక్కువే. బరువు మోసేవాళ్లు అలసిపోతారు. నేను కడుపునిండా తిన్నాను, నిద్రపోయాను, ప్రమోషన్ కూడా తెచ్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

మేముండేది జనగామలో. నేను బచ్చన్నపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోతే సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరతాను. మా ఆయన ఉద్యోగం భూపాలపల్లిలో, ఆదివారాలకే వస్తాడు. ఘనపూర్‌లో అన్న దగ్గర ఉండే బాపుకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక, దవాఖాన దగ్గరని నా ఇంటికి తెచ్చుకున్నాను. డాక్టరు గట్టిగా చెప్పింది ఒక్కటే. ఉప్పు దాదాపు మానేయాలి, ఆయనకు కూర ఇంట్లోనే విడిగా వండాలి. నేను చూసుకుంటానని అందరి ముందూ మాటిచ్చాను. తండ్రికి బిడ్డంటే ఇట్లుండాలి అన్నారు. ఆ మెప్పు నాకు తియ్యగానే ఉండింది.

వండింది పదిహేను రోజులు. ఆ తర్వాత మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. లేక కాదు, ఒళ్లు వంగక. కుక్కర్లో అన్నం పడేసేదాన్ని. సాయంత్రం బస్సు దిగి కర్రీ పాయింట్‌లో కూర కొనేదాన్ని. రాత్రికీ మర్నాటి మధ్యాహ్నానికీ అదే. దాన్ని మా స్టీలు గిన్నెలో పోసి, ముందు గదిలోకి వాసన వెళ్లేలా నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి వేడిచేసేదాన్ని. ఖాళీ కవర్లు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, పొద్దున బస్టాండులో పారేసేదాన్ని. ఇంత నాటకానికి తీరిక దొరికినదానికి ఒక సొరకాయ తరగడానికి దొరకలేదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు టైమును తిట్టుకునేదాన్ని. ఆ కూరల్లో ఉప్పు ఎంతుంటుందో నాకు తెలియక కాదు. గ్లాసెడు వేడినీళ్లు కలిపితే విరిగిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గ్లాసు గుర్తొస్తే ఇప్పుడు కూడా రోత పుడుతుంది. బాపు మాత్రం, నీ చేతి కూర మీ అవ్వ చేతి లెక్కనే ఉందని మా అమ్మను తలుచుకుని మురిసిపోయేవాడు.

మూడు నెలలకు ఆయన కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది, ఆయాసంతో పడుకోలేకపోయాడు. దవాఖానలో చేర్చాం. ఒంట్లోకి ఉప్పు బాగా పోతున్నదని డాక్టరు అన్నాడు. అప్పటికే ఘనపూర్ నుంచి వచ్చిన అన్న నా వైపు తిరిగాడు.

"ఒంట్లకు ఉప్పు యాడికెళ్లి వచ్చింది చెల్లె?"

నరం లేని నాలుక కదా, ఎటైనా తిరుగుతుంది. "తొక్కు తింటుండు అన్న. నేను ఆఫీసుకు పోంగనే, వదిన పంపిన మామిడికాయ తొక్కు సీసా తీస్తుండు."

అన్న మంచం దగ్గరికి పోయాడు. "ఏంది బాపు, చిన్నపిల్లగానివా? పానం కంటె తొక్కు ఎక్కువైందా నీకు?"

బాపు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. "తిన్ననేమోరా. యాదికి లేదు" అన్నాడు. మళ్లీ తనే, "చెల్లెను ఏమనకు. ఆఫీసు చేసుకుంట నాకు వండిపెడుతుంది, పాపం" అన్నాడు.

ఆయనకు తెలుసా? తెలిసే నన్ను కాపాడాడా, లేక బిడ్డ అబద్ధమాడదని నమ్మి తన మతిమరుపునే అనుమానించుకున్నాడా? రెండిట్లో ఏది నిజమైనా నేను నీచురాలినే, అయినా ఏది తక్కువ నీచమో ఇన్నేళ్లూ తూచుకుంటూ కూర్చున్నాను చూడండి, అది ఇంకా అసహ్యం.

నెల తిరక్కుండా బాపు పోయాడు. నేను పెట్టిన కూరల వల్లే పోయాడని డాక్టరు అనలేదు. అనకపోతే మాత్రం?

మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డిస్తాం. అన్న అన్నిటికంటే ముందు తొక్కు ముద్ద పెట్టాడు. కాకి వచ్చి దాన్నే ముట్టింది. ఆశ ఇంకా పోలేదని చుట్టాలు ఏడుస్తూనే నవ్వారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పటినుంచి ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు బాపు పేరున తొక్కే ముందు. అన్న పిల్లలు ఆయన్ని తొక్కు తాత అంటారు. పొలం తప్ప వేరే లోకం తెలియని, నోరు కట్టుకుని బతికిన మనిషి ఇంటిల్లిపాదికీ తిండిపోతుగా మిగిలాడు. మిగిల్చింది నేను.

పోయినేడు నాకు బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించమన్నారు. మర్నాటి నుంచే అరగంట ముందు లేచాను. ఎనిమిది బస్సు అదే, ఆఫీసు అదే, పని ఇంకా పెరిగింది. సొరకాయ, పెసరపప్పు, ఉప్పు వేసి దంచే ఎల్లిపాయ కారం బదులు వట్టి ధనియాల పొడి, దించాక నిమ్మకాయ. ఇరవై అయిదు నిమిషాలు. జీలకర్ర చిటపటమంటుంటే నాకు తెలియకుండానే కూనిరాగం వచ్చింది. వండటం ఇంత బాగుంటుందని మరిచేపోయాను. నిజంగా సంతోషంగా అనిపించింది, దాచను. మరుక్షణమే లెక్క తేలింది. నా ఒంటికైతే అరగంట దొరికిందన్నమాట. తిన్నాను మళ్లీ. పారేయలేదు. ఇప్పటికీ రోజూ వండుతున్నాను, రోజూ బాగుంటుంది, రోజూ నా ముఖం నాకే చూడబుద్ధి కాదు.

అన్నకు చెప్తానా? తెలియదు. చెప్పాననిపించుకుని మళ్లీ మెప్పు పొందాలని లేదు. క్షమించమని కూడా అడగను, అడగాల్సిన మనిషి లేడు. ఒక్క సంగతి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ పచ్చడి సీసాను వదిన పంపిన రోజే నేను వంటింటి అటక మీద పెట్టాను. బాపు చేతులు భుజం దాటి లేచేవి కావు. చొక్కా కూడా నేనే తొడిగేదాన్ని. మా బాపు తొక్కు తినలేదు.