మా అత్త పెంచిన నల్లులు

పోయిన నెలలో ఒక ఉదయం బావ ఫోన్ చేసి, "అమ్మ పోనాది" అన్నాడు. నేను తేరుకునేలోపే గొంతు తగ్గించి, "పురుగుమందుల కొట్టాయన దండట్టుకొచ్చి గుమ్మంలో నిల్సున్నాడు. ఏటి సేద్దుం?" అని అడిగాడు. "అత్త ఏం చెప్పిందో అదే చెయ్యి" అన్నాను. ఆయన తెచ్చిన దండతోనే వెనక్కి వెళ్లాడు. "నాను పోనాక ఆడిని గుమ్మం ఎక్కనీకండి" అని మంచంలో ఉండగానే అత్త మా అందరిచేతా ఒప్పించుకుంది.

చావింట్లో ఇంత పంతమేమిటని మీరు అనుకోవచ్చు. అత్త బతికింది ఆ పంతంతోనే. ఇది రాయడంలో నాకూ కొంత కక్ష ఉంది. ఆ కొట్టాయనకి చదువు వచ్చు, ఇది చదువుకుంటాడు.

అత్త మా నాన్నకి చెల్లెలు. శృంగవరపుకోట అవతల, కొండ మొదట్లో వాళ్ల నిమ్మతోట. మావయ్య నెమ్మదస్తుడు. చెట్లకి మందు కొట్టేముందు గూళ్లలో పిట్టపిల్లలున్నాయేమోనని వెతికేవాడు. కల్లు కూడా ముట్టి ఎరగడు.

ఒక వేసవిలో తోటకి నల్లి పట్టింది. మంచాల్లో ఉండే నల్లి కాదు. ఆకు రసం పీల్చే ఎర్రనల్లి, కంటికి సరిగా ఆనదు. ఆకులు బూడిద జల్లినట్టు వెలిసిపోయాయి, కాయలు గరుకు తేలాయి. కొట్టాయన ఒక సీసా ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి, నల్లి ఇంకా ఎక్కువగా వచ్చింది. ఆయన మరో ఘాటైన సీసా ఇచ్చి, "రెండూ కలిపి కొట్టీ. మొహానికి గుడ్డా గిడ్డా ఏటీ అక్కర్నేదు" అన్నాడు. మావయ్య ఆ మాట నమ్మాడు. మందు కొడుతూనే చెట్ల మధ్య పడిపోయాడు. విజయనగరం ఆసుపత్రి నుంచి మనిషి తిరిగి రాలేదు.

దహనమైన మర్నాడే కొట్టాయన తన కొట్లో అందరికీ చెప్పడం మొదలెట్టాడు. "తాగేసి కొట్టుంటాడు. మందుది తప్పేటి?" ఆ మాట శృంగవరపుకోట సంతదాకా పాకింది. దినవారాలకి వచ్చినవాళ్లలో ఒకావిడ అత్త చెవిలో, "నిజఁవేనేటి?" అని అడిగింది కూడా. అప్పటిదాకా ఏడుస్తున్న అత్త ఏడుపు ఆపేసింది. "మనిషిని సంపీసినాడు. పేరు కూడా సంపుతన్నాడు. మనూరోడు ఒక్కడూ ఆడి కొట్టు మెట్టెక్కకండా సేసే నాను సస్తాను" అంది.

ఎలా చేస్తుందో ఆమెకీ తెలియదు. కొన్నాళ్లకి రైతుల సమావేశానికి పరిశోధన కేంద్రం నుంచి ఒక సైంటిస్టు మేడం వచ్చింది. మందు కొట్టేకొద్దీ నల్లి ఎందుకు పెరుగుతోందని అత్త లేచి అడిగింది. "నల్లిని తినే నల్లి కూడా మీ చెట్ల మీదే ఉంటుందమ్మా. మందుకి ముందు అదే చస్తుంది. ఆ తర్వాత చెడ్డనల్లికి అడ్డు ఉండదు" అని మేడం చెప్పింది.

"అయితే నా తోటకి కాపలా ఉన్నోల్లని కూడా ఆడే సంపినాడన్నమాట" అంది అత్త.

మేడం దగ్గర ఆమె శ్రద్ధగా పని నేర్చుకుంది. పశువులపాక పక్కన నీడలో చిక్కుడు మొక్కలు పెంచి, వాటికి ఎర్రనల్లి పట్టించి, దాని మీద మేడం ఇచ్చిన మంచినల్లిని వదిలింది. అది పెరిగాక ఆ చిక్కుడాకులు కోసి నిమ్మకొమ్మల మధ్య పెట్టేది. దుమ్ముంటే ఎర్రనల్లికి హాయి అని బాటపక్క చెట్లని నీళ్లతో కడిగేది. మంచినల్లికి పుప్పొడి కూడా తిండేనని గట్ల మీద ఆముదం మొక్కలు వేసింది. మొదటి ఏడు కాపు పోయింది. ఊరు నవ్వింది. పక్కతోట మరిదిది, అతను కొట్టిన మందు గాలికి ఇటు కొట్టుకొచ్చి, వదిలిన నల్లులన్నీ చచ్చాయి.

అత్త గట్టు మీదకి వెళ్లి నిలబడింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఆ సీసా ఎవుడి కాడ కొన్నావు?"

"ఇంకెవుడి కాడ కొంతానొదినా? ఆడి కాడే."

"మీ అన్నని తాగుబోతన్నోడి కాడ. కొను నాయినా, కొను."

మరిది స్ప్రేయరు భుజం మీంచి దించి, అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. మర్నాడు చిక్కుడాకుల కోసం బుట్ట పట్టుకుని వచ్చాడు.

తర్వాత అత్త తోటలో చిగుళ్లు నిగనిగలాడుతూ వచ్చాయి. ఆకులడిగిన ప్రతివాళ్లకీ ఆమె ఊరికే ఇచ్చేది. షరతు ఒకటే: ఆ కొట్లో సీసా కొనకూడదు. ఒక్కో ఇల్లే ఇటు వచ్చేసింది. మా ఊరివాళ్లు కొట్టు ముందునుంచే సంతకి పోయేవారు, లోపలికి చూసేవారు కారు. ఆ సంగతి విన్నరోజు అత్త బెల్లం కలిపి పరమాన్నం వండింది.

ఆఖరికి కొట్టాయన నిమ్మతోటకే నల్లి పట్టింది. తన దగ్గరున్న మందులన్నీ కొట్టి చూసుకుని, అత్త గుమ్మంలోకి వచ్చాడు. వాకిట్లో ఆడవాళ్లు నిమ్మకాయలు ఏరుతున్నారు.

"అప్పా, రెండు బుట్టలాకులు ఇప్పించు" అన్నాడు, అక్కని పిలిచినట్టు.

"మాయాయన తాగినాడా?"

"ఇప్పుడవన్నీ దేనికప్పా? మాట జారినాను."

"తాగినాడా, నేదా?"

"నేదు."

"ఈలకి ఇనపళ్లేదు."

కాయలేరే చేతులన్నీ ఆగాయి. ఆయన వాళ్లవైపు తిరిగి, "ఆయన తాగనేదు. నాను అబద్దమాడినాను" అన్నాడు.

"మరెందుకు పోనాడు?"

"నా మాటిని పోనాడు" అన్నాడు. ఆయన మెడ వాలిపోయింది.

అత్త లోపలికి వెళ్లి ఆకుల బుట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తీసికెల్లు. నీ సీసా ఒక్కటి ఇప్పినావంటే ఇయ్యన్నీ సస్తాయి. నీ మందు నీ తోటకే పనికిరాదని దినాం సూసుకో. దారినెల్లేవోలు కూడా సూత్తారు" అంది.

చూశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఆయన కొట్లో సీసా పట్టుకుని, "నువ్వు మానీసినావు కదా, మాకెందుకు అమ్ముతన్నావు?" అని అడగసాగారు. కొట్టులో ఇప్పుడు సగం బీరువాలు ఖాళీ.

ఆ రోజు ఆయన బుట్టలతో వెళ్లిపోయాక నేను అడిగాను. "క్షమించేశావా అత్తా?"

"ఆడినా? ఛీ" అంది. "నా నల్లులు ఆకలి మీదున్నాయి. ఎర్రనల్లి ఆడి తోటలో ఉన్నాది. అంపినాను. అంతే."

ఆ కక్షతో ఆమె ఎండిపోలేదు. కక్షతోనే ఆమె పొద్దున్నే లేచేది, నలుగురికీ పని నేర్పేది, మాకు కడుపునిండా పెట్టేది. ఆమెకి నేనెంతో రుణపడ్డాను.

పోయిన చలికాలం ఆమె చూపు బాగా తగ్గింది. ఒక మధ్యాహ్నం ఎండలో గట్టు మీద కూచుని, ఒక నిమ్మాకూ భూతద్దమూ నా చేతికిచ్చి, "ఏటి సేత్తన్నాదో సెప్పు" అంది. ఆకు మీద తెల్లగా మెరుస్తున్న మంచినల్లి ఒకటి పరుగెడుతోంది. ఈనె పక్కనున్న ఎర్రనల్లిని పట్టుకుంది. ఎర్రనల్లి కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

"తాగుతోంది అత్తా."

"పొట్ట ఎర్రబడినాదా?"

"ఎర్రబడింది."

అత్త కళ్లు మూసుకుని మొహం ఎండకి ఎత్తింది. నవ్వుతూనే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఒగ్గీకు, సూత్తానే ఉండు. ఇంకోదాన్ని అట్టుకుంటాది."