గొంతు పోయాక ఆవిడ నేర్పిన పాటలు

సోమవారం పొద్దున్న కంప్యూటర్ గదిలో స్పీకర్లు తగిలిస్తూంటే, మా బడి సంగీతం మేడమ్‌గారి భర్త ఫోన్ చేశారు. "బాబూ, మీ మేడమ్ ఎల్లిపోనాది," అన్నారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. అంతే చెప్పి ఫోన్ పెట్టేశారు. గుమ్మం బయట ఏడో తరగతి పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నా ఆ పీరియడ్ ఆవిడదే.

ఖరగ్‌పూర్‌లో మీరెవరైనా ఆవిడ దగ్గర చదివుంటే ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. సరిగమల్లో మన తెలుగు పిల్లలు "రి" అంటే బెంగాలీ పిల్లలు "రే" అని తగువుకొచ్చేవారు. "రి అన్నా రే అన్నా ఒక్క మెట్టేరా, ఎక్కండి," అనేవారావిడ. మూడేళ్ల కిందట గొంతుకి ఆపరేషనైంది. మిగిలింది గుసగుస ఒక్కటే. పాడలేని సంగీతం టీచరెందుకని స్టాఫ్ రూములో ఎవరో అన్నది ఆవిడ చెవిన పడింది. రాజీనామా రాసి తెచ్చి, తప్పులున్నాయేమో చూడమని నా చేతికిచ్చారు.

నేను కంప్యూటర్ టీచర్ని. సంగీతం ముక్క రాదు. ఆ కాగితం తిరిగివ్వకుండా, స్వరాలు రాస్తే తనే వాయించే సాఫ్ట్‌వేరొకటి ఇంటర్నెట్‌లో తెరిచి చూపించాను.

"ఏటి బాబూ, నా బదులు ఈ డబ్బా పాడతాదా?" చెవి ఒగ్గితేగానీ వినపడని గొంతు.

"మీరు రాస్తేనే పాడతాది మేడమ్."

మర్నాటినుంచి బడి వదిలాక వచ్చి కూర్చునేవారు. మౌస్ పట్టడం దగ్గర్నుంచీ నేర్చుకున్నారు. మొదటిరోజు క్లాసులో నేను వేగం చూసుకోకుండా మోగించేసరికి జోలపాట కాస్తా ఎక్స్‌ప్రెస్ బండిలా పరిగెత్తింది. పిల్లలు బల్లలు బాది నవ్వారు. ఆవిడా నవ్వారు, చప్పుడు లేకుండా. నేను తల దించుకున్నాను.

తరవాత పిల్లల చేతే రాయించారు. ఆ సాఫ్ట్‌వేరులో పాశ్చాత్య పద్ధతిలో అయిదు గీతల మీద స్వరాల చుక్కలు పెట్టడం అందరికీ కొత్తే, అందుకని ఎవరూ వెనకబడలేదు. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు ట్యూన్లు కట్టారు. "పాడ్డం రాదన్న పిల్లలే బాగా వింతారు బాబూ," అన్నారోసారి. రాజీనామా సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఈ ఏడు జబ్బు తిరగబెట్టింది. ఆసుపత్రి మంచం మీదనుంచే ఫోన్లో, పిల్లలు పాటలు పెట్టే క్లాసు పేజీ తెరిచి, ఒక్కో పాట పక్కన ఒకటో రెండో మాటలు రాసి దిద్దేవారు. మొన్న ఆదివారం సాయంత్రం చూడ్డానికెళ్తే ఫోన్ చేతిలోనే ఉంది. "ఇంక పడుకోండి మేడమ్," అని తీసి బల్ల మీద పెట్టేశాను. ఆవిడేదో అన్నారు. వార్డు సందడిలో వినపడలేదు. రేపొచ్చి అడగొచ్చులే అనుకున్నాను. అదే నన్ను తినేస్తోంది.

మంగళవారం క్లాసు పేజీ తెరిచాను. ఒక అమ్మాయి పాట పక్కన ఆదివారం మధ్యాహ్నం ఆవిడ రాసిన మాట ఉంది: "ఇక్కడ ఒక స్వరం ఎక్కువైనాది. సూసుకో తల్లీ."

దాని కింద ఆ పిల్ల, సోమవారం బడికి బయల్దేరేముందు, ఏమీ తెలియక రాసిన జవాబు.

"తీసేసినాను మేడమ్. ఇప్పుడు వినండి."