పాలిషమ్మ గుడ్డపీలికలు

పాత చెక్కకి ప్రాణం పోయడంలో పాలిషమ్మని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నీళ్ళ మరకలతో మొహం మాడ్చుకున్న బల్లయినా, ముట్టుకుంటే మూలిగే కుర్చీ అయినా ఆమె చేతిలో పడిందంటే నిగనిగలాడుతూ బయటికి రావాల్సిందే. ఆ విద్య తండ్రి దగ్గర నేర్చుకుంది. అసలు పేరు జనం ఏనాడో మరిచిపోయారు. కట్టుకున్నాయన కూడా కోపమొస్తే ‘పాలిషూ’ అనే పిలిచేవాడు.

విద్యతో పాటు తండ్రి నుంచి ఇంకో గుణమూ సంక్రమించింది. ఆమె ఏదీ పారెయ్యదు. పెరట్లో రేకుల గది ఒకటుంది. అందులో అడుగున వేలెడు వార్నిష్ మిగిలిన డబ్బాలు, గడ్డకట్టిన రంగులు, మూత తుప్పుపట్టి ఊడిరానని మొరాయించే థిన్నర్ సీసాలు, తండ్రి కాలం నాటి ఏవేవో ద్రావకాలు నేల నుంచి చూరు దాకా పేరుకుపోయాయి. అడిగితే, “ఎప్పటికైనా పనికొస్తాయి” అనేది. ఆ ‘ఎప్పటికైనా’ ఇంతవరకూ రాలేదు.

భర్త బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో కూడా ఇంకో నలుగురికి చోటు చూపించగల మనిషి. ఆ గదిలో మాత్రం తన కాలు పెట్టుకునే చోటు కూడా చూపించలేకపోయాడు. ఇక మూడో మనిషి అత్తగారు. ఆవిడకి చెవులు కాస్త మందగించాయి కానీ ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. పక్క వీధిలో పాలు పొంగినా ఇక్కడ కూర్చుని చెప్పేసేది.

ఆ వేసవిలో పక్కింటి టీచరు తన తాతగారి భోజనాల బల్ల తెచ్చి అప్పగించింది. పన్నెండుమంది కూర్చోగల బల్ల. పాలిషమ్మ రెండు రోజులు గరుకు కాగితంతో రుద్ది, మూడో రోజు అవిసె నూనె పట్టించింది. పట్టించడం, గుడ్డపీలికలతో తుడవడం, మళ్ళీ పట్టించడం. నూనెతో తడిసిన పీలికల్ని మామూలుగా పెరట్లో తీగ మీద పడేసేది. మళ్ళీ వాడుకోవచ్చని తప్ప వేరే ఆలోచనేం లేదు. ఆ రోజు మబ్బు పట్టింది. వాన వస్తే తడిసిపోతాయని అన్నిటినీ ఉండచుట్టి, అట్టపెట్టెలో కుక్కి, థిన్నర్ సీసాల పక్కన పెట్టి తలుపు వేసేసింది.

వాన రాలేదు. ఎండ మాత్రం మళ్ళీ విరగకాసింది. భోజనాలయ్యాక ఇంట్లో అందరూ నడుం వాల్చారు.

“అమ్మాయ్, ఏదో మాడుతోంది,” అంది అత్తగారు మంచం మీద నుంచే.

“పొయ్యి ఎప్పుడో కట్టేశాను అత్తయ్యా. మీరు పడుకోండి.”

“పొయ్యి సంగతి కాదే. గుడ్డ మాడుతున్న వాసన.”

కండక్టరు లేచి ఇస్త్రీపెట్టె చూసొచ్చాడు. చల్లగా ఉంది. అగరొత్తులు వెలిగించిన వాళ్ళెవరూ లేరు. “అమ్మా, కల గన్నావేమో,” అని మళ్ళీ దిండు మీద వాలబోయాడు. ముసలావిడ ఊరుకోలేదు. గోడ పట్టుకుని వాసన వెంట నడుస్తూ పెరటి గుమ్మం దాకా వెళ్ళి, రేకుల గది వైపు చెయ్యి చూపించింది. తలుపు సందులోంచి సన్నగా పొగ.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ గదిలో నిప్పు పెట్టినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పాలిషమ్మ పరిగెత్తి తలుపు లాగింది. అట్టపెట్టె మధ్యలో నల్లగా కమిలి బుసబుస పొగ కక్కుతోంది. తలుపు తీయగానే లోపలికి కొత్త గాలి తగిలి, అంతదాకా రాజుకుంటున్నది కాస్తా భగ్గుమంది. పక్కనే సీసాలు. ఆ క్షణంలో ఏం చేస్తున్నదో ఆమెకి తెలియదు. మూలనున్న చీపురుకర్రతో పెట్టెని వాటి పక్కనుంచి బయటికి ఒక్క లాగు లాగింది. కండక్టరు నీళ్ళ తొట్టిలోంచి బకెట్టు మీద బకెట్టు కుమ్మరించాడు.

అంతా చల్లబడ్డాక పాలిషమ్మ మెట్టు మీద కూలబడింది. చేతుల మీద వెంట్రుకలు కమిలాయి తప్ప దెబ్బేం తగల్లేదు.

సాయంత్రం నూనె కొన్న కొట్టాయనకి ఫోన్ చేసింది.

“అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుందమ్మా,” అన్నాడాయన. “పరిచి ఆరేస్తే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుడితే లోపలే చేరి తనంతట తనే అంటుకుంటుంది. డబ్బా మీద రాసుంటుంది కదా.”

చూస్తే నిజంగానే రాసుంది. ఇన్నేళ్ళూ కారిన నూనె కింద ఆ అక్షరాలు కప్పబడిపోయాయి. చిన్నప్పటి నుంచి ఆ నూనెతోనే చేతులు కడుక్కున్నంత పని చేసిన మనిషి, దాని గుణం ఒకటి ఇప్పుడు తెలుసుకుంది. రాత్రి అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

మర్నాడు పొద్దున్నే చెప్పింది: “ఏవండీ, గది ఖాళీ చేసేద్దాం.”

కండక్టరుకి నమ్మకం కుదరక మళ్ళీ అడిగాడు. నమ్మకం కుదిరాక ఉత్సాహం పట్టలేకపోయాడు. “ఇంకేం, రెండు బకెట్లు తీసుకొస్తా. కాలవలో పోసేస్తే పోలా?”

“ఆ కాలవ మీ బస్సులా డిపోకి పోతుందనుకున్నారా? తిరిగి తిరిగి మనం తాగే నీళ్ళలోకే పోతుంది.”

చెత్తబండి వచ్చింది. బండాయన గదిలోకి తొంగిచూసి రెండడుగులు వెనక్కేశాడు. “అక్కా, ఇవి నేను ముట్టుకోను. పోయిన నెల ఎవరో థిన్నర్ డబ్బా మామూలు చెత్తలో కలిపేశారు. బండిలో నొక్కుతుంటే మొత్తం చిమ్మి మావాడి కళ్ళలో పడింది. ఊరి చివర పంపుహౌసు వెనక షెడ్డుంది చూడండి, ఆదివారాలు ఇలాంటివే తీసుకుంటారు. ఒకదాంట్లో ఒకటి కలపకండి. వేటి డబ్బాలో అవే ఉండనివ్వండి.”

శనివారమంతా డబ్బాలు బయటికి మోస్తూనే ఉన్నారు. మూతలు బిగించి, నిలబెట్టి, మధ్యలో పాత పేపర్లు కుక్కారు. వీధంతా చూస్తోంది. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఒక్కొక్కరే వచ్చి కుశలాలడిగి, కాసేపు నసిగి, చివరికి చీర చాటు నుంచో, సంచీలోంచో తీశారు. ఒకరు కాలం చెల్లిన మాత్రలు, ఒకరు ఎలుకల మందు, ఇంకొకరు మాడిపోయిన ట్యూబులైట్లు. టీచరు పూరీలా పొంగిన పాత ఫోన్ బ్యాటరీని ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో తెచ్చింది.

“ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావమ్మా దీన్ని?” అడిగాడు కండక్టరు.

“దిండు పక్కన అలమరలో బాబాయిగారూ.”

ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడారు. సరుకు చూశాక ఆటో డ్రైవరు పిడికిలితో నోరు మూసుకున్నాడు. బీడీ ముట్టించొద్దని పాలిషమ్మ చెప్పేలోపే అగ్గిపెట్టె ఇంట్లో ఇచ్చేశాడు. అత్తగారు కూడా వస్తానని పట్టుబట్టింది. కనిపెట్టింది తనేనట. ముందు సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టి, కండక్టరు వెనక నిలబడి అలవాటుగా బండి మీద రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్” అన్నాడు. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా డ్రైవరు ఇంటి దేవుళ్ళని, పొరుగింటి దేవుళ్ళని కూడా తలుచుకున్నాడు.

షెడ్డులో చేతికి మందపాటి తొడుగులేసుకున్న ఒకామె ఒక్కొక్కటీ దింపించి వేరు చేసింది. రంగులు ఒకవైపు, ద్రావకాలు ఒకవైపు, ట్యూబులైట్లు పొడుగు పెట్టెలో. ఫోన్ బ్యాటరీ చూసి టీచరు పెట్టిన ఇసుకని మెచ్చుకుంది. చివరికి మైనం పూసిన బిరడాతో ఓ గోధుమరంగు సీసా మిగిలింది. దాన్ని పాలిషమ్మ చేతిలోంచి దించలేదు.

“ఇందులో ఏముందమ్మా?”

“మా నాన్న కలిపిన పాలిష్. ఆయన చేసిన బీరువాల్లో ఇప్పటికీ మొహం కనిపిస్తుంది.”

“ఏం కలిపారో తెలుసా?”

“రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అన్నాడు. చెప్పకుండానే పోయాడు.”

షెడ్డామె తొందరపెట్టలేదు. పక్కకి వెళ్ళి వేరే డబ్బాలు సర్దుకుంది. పాలిషమ్మ సీసాని వెలుతురులో ఎత్తి చూసింది. లోపల చిక్కటి ద్రవం రెండు రంగులుగా విడిపోయి, అడుగున ఏదో పలుగురాళ్ళలా గడ్డకట్టింది. ఎన్నేళ్ళుగానో మూత తీసే ధైర్యం చెయ్యలేదు. తీసి వాడబోయేది కూడా లేదు. మొన్న తలుపు తీసినప్పుడు మంట ఆ సీసాకి జానెడు దూరంలో లేచింది. అంత దగ్గరగా చూశాక దాన్ని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడానికి ఆమెకి మనసొప్పలేదు.

“తీసుకోమ్మా,” అని ఇచ్చేసింది. షెడ్డామె దాని మీద ‘ఏమిటో తెలియదు’ అని చీటీ అంటించి, మిగతా వాటికి దూరంగా విడిగా పెట్టింది.

తిరుగుదారిలో పాలిషమ్మ, “నాన్న పాలిష్‌లో లక్క, చందనం నూనె ఉన్నాయని ఖాయంగా తెలుసు. వాసన గుర్తుంది. మిగతాది చేసి చూడాలి,” అంది.

“చేసి చూడు,” అన్నాడాయన. “కలిపినదేమిటో మాత్రం సీసా మీద రాసిపెట్టు.”

ఆమె నవ్వింది.

వచ్చాక పని పద్ధతి మారింది. నూనె గుడ్డల్ని పెరట్లో గోడకి దూరంగా ఒక్కొక్కటిగా పరిచి ఆరేస్తోంది. వాన ఉంటే మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి ముంచేస్తోంది. అక్షరాలు కనబడేలా డబ్బాలు తుడిచి పెట్టుకుంటోంది. నాలుగు డబ్బాలే ఉంటే ఆ పని సులువే. టీచరు బల్ల అనుకున్న రోజుకి అందలేదు గానీ, అందిన రోజున ఆవిడ కుటుంబమంతా దాని చుట్టూ కూర్చుని అద్దంలో చూసుకున్నట్టు మొహాలు చూసుకున్నారు.

వానలు మొదలయ్యాక ఎవరో నాలుగు తలుపుల బీరువా తెచ్చి, “ఇది మీ గదిలో పట్టదేమో,” అని సందేహించారు. పాలిషమ్మ గది తలుపు బార్లా తీసింది. నలుగురు మోసుకొచ్చి గది మధ్యలో దించారు. చుట్టూ తిరిగి పనిచేసుకునేంత చోటింకా మిగిలింది. ఆమె చీర కుచ్చిళ్ళు బిగించి, కింది అర నుంచి రుద్దడం మొదలుపెట్టింది.