ఎడమ మోకాలు

మొన్న ఉక్కునగరంలో మా అబ్బాయి స్టీల్‌ప్లాంటు క్వార్టర్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చుంటే, మనవడు ఫ్రిజ్‌లోంచి నీలం రంగు ఐసు సంచీ తెచ్చి నా మోకాలి మీద పెట్టి, ఆ తడిచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు నా మోకాలి గురించి కాదులెండి. వాడు గోడనిండా బొమ్మలంటించుకున్న ఒక విదేశీ ఫుట్‌బాల్ ఆటగాడు, తానున్న జట్టు వదిలేసి పోటీ జట్టులో చేరాడట. కోడలు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆ ఏడుపు నేనూ ఏడ్చాను.

నా ఈడు హార్బరు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫిషింగ్ హార్బరు వెనకాల, ఇప్పుడు లారీలు ఆపుకుంటున్న చోట, చేపలు ఎండబెట్టే ఇసుకనేల ఒకటి ఉండేది. ఆదివారం సాయంత్రం చేపలు ఎత్తేసి, రెండు కొసలా వెదురుగడలు పాతితే అదే మా ఫుట్‌బాల్ స్టేడియం, బోట్ల మీద పనిచేసే కుర్రాళ్ళే మా జట్టు. ఆ జట్టుకి దేవుడు మా మేనమామ. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడైన ఆయన్ని యారాడ పల్లె నుంచి మా నాన్నే తీసుకొచ్చి, బోటు పనిలో పెట్టించి, ఇంట్లోనే ఉంచుకుని, జట్టులో చేర్పించాడు. మావయ్య ఎడమకాలి తాపు గురించి పక్క వీధి పిల్లల దగ్గర కోతలు కోసి, వాళ్ళు నమ్మకపోతే జుట్లు పట్టుకునేదాకా వెళ్ళేవాళ్ళం.

వలలు లాగి లాగి, ఆపైన ఆట ఆడి, ఆ ఎడమ మోకాలు ఆదివారం రాత్రికి కొబ్బరికాయంత వాచేది. నాన్నది ఐసు ఫ్యాక్టరీలో పని. దిమ్మలు కోయగా మిగిలిన పెచ్చులు ఏరి, ఊక పోసిన గోనెసంచిలో చుట్టి నా నెత్తిన పెడితే, మెడ వెనక చల్లటి నీళ్ళు కారుతుండగా ఊరేగింపులా నడిచేదాన్ని. ఆట అయ్యాక నాన్న ఇసుకలో చతికిలబడి, మావయ్య కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఐసు అద్దేవాడు. బావమరిది కాళ్ళు పట్టుకుంటున్నావేమిటని ఎవరైనా వేళాకోళమాడితే, ఇది మనందరి కాలు అనేవాడు.

అలాంటిది ఒక ఏడాది, ఊళ్ళో ఓ కంపెనీ జట్టు కడుతూ, బాగా ఆడితే పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని మావయ్యను పిలిచింది. నాన్నతో చెప్పే ధైర్యం లేక వంటింట్లో అమ్మతో చెప్పాడు.

"నాను ఎల్తన్నానక్కా. వలలు లాగీ లాగీ ఈ మోకాలు ఇంకెన్నాళ్ళు కాత్తాది? ఆళ్ళు నెల జీతమంటన్నారు."

అమ్మ అన్నం పెట్టింది. మర్నాడు ఆయన వెళ్ళిపోతే నేను ఖాళీ గోనెసంచి కప్పుకుని ఏడ్చాను. నాన్న ఏడవలేదు, మావయ్య ఊసెత్తితే చాలు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ రోజే మనసారా ఏడ్చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్ని నెలలకు ఆ కంపెనీ జట్టు మా ఇసుకలోకే ఆడటానికి వచ్చింది. మావయ్య పచ్చ చొక్కాలో దిగి నాకేసి చెయ్యి ఊపితే, తిరిగి ఊపాలో వద్దో తెలియక అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆయన మా మీదే గోలు కొట్టాడు. అప్పుడు లేచింది నాన్న గొంతు.

"ఎడం మోకాలు! ఎడం మోకాలు సూసి కొట్టండెహే!"

ఇక హార్బరు హార్బరంతా అదే కేక. మావయ్యతో ఒకే కంచంలో తిన్న కుర్రాడే పరిగెత్తుకెళ్ళి కొట్టాడు. ఇసుకలో పడ్డ మనిషి, అరవడం కూడా మరిచిపోయి, జనంలో నాన్న కోసం వెతుక్కున్నాడు. అది నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండును.

ఆడలేని ఆటగాడికి ఉద్యోగం ఎవరిస్తారు? బోటూ ఎక్కలేడు. బతికినన్నాళ్ళూ జెట్టీ పక్కన కాలు చాపుకుని చిరిగిన వలలు బాగుచేశాడు. అమ్మ నాన్నకి అన్నం వడ్డించేది గానీ, ఎదురుగా కూర్చోవడం మానేసింది. నాన్న మాత్రం ప్రతి ఆదివారం మళ్ళీ ఊక సంచిలో ఐసు కట్టి నా నెత్తిన పెట్టేవాడు. పక్కన దించితే మావయ్య నా తల నిమిరేవాడే గానీ సంచీ ముట్టేవాడు కాదు. అది ఎండకి కరిగి, నీళ్ళు జెట్టీ మీంచి సముద్రంలోకి కారిపోతుంటే, ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి నాన్న చూసేవాడు. మాట్లాడుకోకుండానే ఇద్దరూ పోయారు.

మనవడు సాయంత్రానికల్లా తేరుకుని, ఆ ఆటగాడు చేరిన కొత్త జట్టు చొక్కా కావాలని తండ్రి దగ్గర గునుస్తున్నాడు. ఇంతేనా వీడి ప్రేమ అని మొదట మనసు చివుక్కుమంది. ఉండబట్టలేక, మీవాడికి నొప్పి ఏ మోకాలికిరా అని అడిగాను.

"నాకేటి తెలుస్తాది నానమ్మా? టీవీలోనే కదా సూస్తాను."

మేము మావాడి కాలు ఒళ్ళో పెట్టుకుని ప్రేమించాం, కనుకే ఎక్కడ కొట్టాలో మాకు తెలిసింది. వీడికి ఆ సంగతి తెలియకపోవడమే మేలనిపించింది. చొక్కా కొనిపెట్టమని మా అబ్బాయికి నేనే చెప్పాను.