గొడ్రాలన్న మాటకు మా మేనత్త జవాబు

మా మేనత్త మాట్లాడుతున్నంతసేపూ ఎడమచెయ్యి పొత్తికడుపు మీద అదిమిపెట్టుకునేది. కుప్పంలో కాపురానికి వెళ్లిన కొన్నాళ్లకే ఆమెకు జ్వరం, కడుపునొప్పి పట్టుకున్నాయి. పిల్లలు పుట్టలేదు. అత్తగారు గొడ్రాలంది. భర్త రెండో పెళ్లికి సిద్ధమయ్యాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు మా నాయన ఆమెను మదనపల్లె ఆసుపత్రిలో చూపించాడు.

"మీ ఆయన అంటించిన సుఖరోగం లోపలికి పాకిందమ్మా. గర్భసంచి పక్కన నాళాలు వాచి మూసుకుపోయాయి" అంది డాక్టరమ్మ.

మేనత్త ఏడవలేదు. "కొత్తగా వచ్చే పిల్లకూ ఇది అంటుతాదా?" అని అడిగింది.

"ఆయన మందు తీసుకోకపోతే అంటుతుంది."

పుంగనూరులో నిశ్చితార్థం నాడు మేనత్త పిలవకుండానే పెళ్లికూతురి ఇంటికి వెళ్లి, బంధువులందరి ముందూ నిలబడింది.

"నేను గొడ్రాలిని కాదమ్మా. ఈయప్ప తెచ్చిన రోగం నా కడుపు కాల్సేసినాది. మీ బిడ్డకూ ఈ గతి యాల?"

"నోరు ముయ్యి!" అని భర్త లేచాడు.

"ఇన్నాళ్లూ మూసుకునే ఉండాను. ఇంక నువ్వు సూడు."

పెళ్లికూతురి తల్లి తాంబూలం పళ్లెం వెనక్కి నెట్టేసింది. ఆ తర్వాత ఆయన పిల్లను చూడడానికి ఏ ఊరు బయలుదేరినా, మా మేనత్త ముందు బస్సుకే అక్కడ దిగేది.